చీర అడిగిన చక్రం

ఇప్పుడు ఏ కార్ఖానాకు పోయినా తిరిగే చక్రం చుట్టూ పసుపుపచ్చ రంగు వేసిన ఇనుప జాలీ కనిపిస్తుంది. కొత్తగా పనిలో చేరిన పిల్లలు దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకుంటారు, టిఫిన్ క్యారియర్లు తగిలించుకుంటారు. అది మిషనుతోబాటే పుట్టిందని వాళ్ళ నమ్మకం. ఒక్కొక్క చోట ఆ జాలీ ఎంత రభస తరువాత వచ్చిందో చెప్పేవాళ్ళు తగ్గిపోతున్నారు. నాకు తెలిసిన ఒక జాలీ సంగతి చెబుతాను.

చిత్తూరుకు దగ్గర్లో ఒక శనక్కాయల మిల్లులో నేను ఫిట్టరుగా ఉండేవాణ్ణి. ఎనిమిదో తరగతితో బడి మానేశాను. తరువాతి చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే సాగింది. ఆ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ గర్వమే. సాయంత్రం పని దిగి, కిరసనాయిలుతో చేతుల గ్రీజు వదిలించుకుని, సబ్బుతో కడుక్కుని పోయేవాణ్ణి. అయినా పేజీల అంచుల్లో నా వేళ్ళు అచ్చు పడేవి. "ఏ పుస్తకం నువ్వు చదివినావో కార్డు చూసే పని లేదప్పా" అనేవాడు గ్రంథపాలకుడు. నక్షత్రాలు, కలరా, ఆవిరి యంత్రం, పట్టుపురుగులు, ఏది దొరికితే అది చదివాను. ఇంగ్లీషు పుస్తకమైతే నిఘంటువు పక్కన పెట్టుకుని, రాని చోట బొమ్మలు చూసి ఊహించుకునేవాణ్ణి. మిల్లులో నాకు "పుస్తకమప్ప" అని పేరు. అందులో వెటకారమెంతో మర్యాదెంతో నేనెప్పుడూ తేల్చుకోలేదు.

మిల్లు పెద్దదేమీ కాదు. పక్క షెడ్డులో ఆయిల్ ఇంజను. దాని నుంచి గోడ గుండా ఒక పొడుగాటి షాఫ్టు లోపలికి వచ్చేది. షాఫ్టు నుంచి తోలుబెల్టు దిగి, కాయలు పగలగొట్టే మిషను చక్రాన్ని తిప్పేది. చక్రం మనిషి భుజమంత ఎత్తు. దాని పక్కనే తొట్టి. ఆడవాళ్ళు తట్టలతో కాయలు తెచ్చి తొట్టిలో పోసేవాళ్ళు, పప్పు చెరిగేవాళ్ళు, పొట్టు ఎత్తేవాళ్ళు. వాళ్ళందరికీ పెద్ద ఒక నడివయసు మనిషి. మిల్లులో అందరం పెద్దక్క అనేవాళ్ళం. భర్త మంచాన పడి ఉన్నాడు. ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే. కూతురు హాస్టల్లో ఉండి పది చదువుతోంది. తాను చదవలేదు గాని కూతురి మార్కులు మిల్లంతటికీ చెప్పేది.

ఆ ఏడు కాయ బాగా దిగింది. మిషనుకు ఊపిరాడడం లేదు. ఒక మధ్యాహ్నం పెద్దక్క తొట్టిలో కాయలు పోసి లేస్తుండగా పైట కొంగు బెల్టుకూ చక్రానికీ మధ్య దూరింది. ఆమె అరిచిందేమో, ఇంజను మోతలో వినబడలేదు. చక్రం చీరను చుట్టుకుంటూ ఆమెను లాగింది. ఆమె తొట్టి అంచును రెండు చేతులతో కరుచుకుంది. పాత చీర కావడం ఆమెను కాపాడింది. నడుము దగ్గర పర్రున చినిగి, చీర చీరంతా చక్రానికి పోయింది. మేస్త్రి ఇంజను ఆపడానికి పరుగెత్తాడు. నేను ఒక గోనెపట్టా తెచ్చి, మొహం అటు తిప్పుకుని, ఆమె మీద కప్పాను.

భుజం కమిలిపోయింది. చాలా రోజులు చేయి పైకి లేవలేదు. అన్నాళ్ళు పనికి రాలేకపోయింది గనుక సంగతి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఆఫీసుకు తెలపాలి. మా మేస్త్రి ముసలివాడు, మొండివాడు. యజమాని వద్దన్నా వినకుండా తెలియజేయించాడు.

పెద్దక్క తిరిగి వచ్చింది శుక్రవారం. చేతిలో పసుపు, కుంకుమ, కొత్త చీరలోంచి చించిన ఒక పేలిక.

"ఏందక్కా ఇది?" అన్నాను.

"గంగమ్మ చీర అడిగింది తమ్ముడా. మనం పెట్టలేదు, ఆమే తీసుకునింది. అడిగిన తీరు రవ్వంత మోటు, అంతే."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మిగతా ఆడవాళ్ళు చేతులు జోడించి నిలబడ్డారు. ఆమె పసుపు అద్దిన వేలిని తిరుగుతున్న చక్రం అంచుకు తాకించింది. వేలు కదలలేదు, చక్రమే తిరిగింది. చుట్టూరా ఒకే ఒక పచ్చటి గీత పడింది. చూడడానికి అందంగానే ఉంది. తరువాత ఆ పేలికను మిషను కాలికి, బెల్టుకు బెత్తెడు దూరంలో కట్టింది. ఒక చీర పోయిన చోటనే ఇంకో చీర!

అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఇదే వరస. పైగా శుక్రవారం పూట మిల్లులో చక్రం నిలపకూడదని యజమాని ఇంట్లో ఒక పట్టింపు. నిలిపితే లక్ష్మి వెళ్ళిపోతుందట. అందుకని పూజ ఎప్పుడూ తిరిగే చక్రానికే.

కొన్నాళ్ళకు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నటి మనిషి. బస్సు దిగి, గొడుగు వేసుకుని నడిచి వచ్చాడు. యజమాని కాఫీ తెప్పించబోతే "ముందు మిషను చూద్దాం" అన్నాడు. లోపలికి అడుగు పెట్టే ముందు మెడలోని కండువా తీసి సంచిలో పెట్టుకున్నాడు. ఆ ఒక్క పనితో ఆయన మీద నాకు గౌరవం కలిగింది. బెల్టునూ, చక్రాన్నీ, కట్టిన పేలికలనూ చూశాడు. కోప్పడలేదు.

"చక్రానికీ బెల్టుకూ కంచె కట్టండి. తిరిగే మిషనును ఆడవాళ్ళు తుడవడం, ముట్టుకోవడం కుదరదు. మళ్ళీ వస్తాను. ఏ రోజని మాత్రం చెప్పను" అన్నాడు.

ఆయన గేటు దాటగానే యజమాని మేస్త్రినీ నన్నూ పిలిచాడు.

"దీనికింత రభస ఎందుకప్పా? ఆడోళ్ళనందర్నీ నిలిపేస్తే పాయె. చీరలుండవు, కొంగులుండవు. అరవ పక్కనుంచి మగోళ్ళను తోలుకొచ్చేవాడు ఒకడు శానాళ్ళుగా అడగతానే ఉండాడు."

"సావుకారా, ఇన్నేండ్లుగా చేస్తాండారే వాళ్ళు" అన్నాడు మేస్త్రి.

"నేనేమన్నా కాదన్నానా? నాకు కేసు వద్దు, అంతే."

నేను ముందుకు వచ్చి, కంచె సంగతి నాకు వదిలేయండి, గ్రంథాలయంలో పుస్తకం ఉంది, చూసి కడతానన్నాను. యజమాని నన్ను ఎగాదిగా చూశాడు.

"కట్టు. ఆ సారు వచ్చిన పొద్దు కంచె దాని చోట ఉండల్ల. లేదంటే ఆడోళ్ళకు అదే కడాపొద్దు. వాళ్ళకు నువ్వే చెప్పుకో."

చెప్పాను. ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దక్క చేటలోని పప్పు చెరగడం ఆపలేదు. "నువ్వు కడితే మేమేం వద్దంటామా? కట్టు తమ్ముడా" అంది.

గ్రంథాలయంలో యంత్రాల మీద ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఉంది. ఇంగ్లండులో నూలు మిల్లుల్లో ఆడవాళ్ళ జుట్టు బెల్టులకు చిక్కుకున్న సంగతులు అందులో చదివినప్పుడు, మా పెద్దక్కకు అంత దూరంలో కూడా చుట్టాలున్నారనిపించింది. ఒక పేజీలో చక్రానికీ బెల్టుకూ కలిపి మూసిన ఇనుప పెట్టె బొమ్మ ఉంది. గీసుకుని వచ్చి, రేకు కత్తిరించి, అలాగే దించాను. నున్నటి పెట్టె. రంగు కూడా వేశాను. మిల్లుకు కొత్త బీరువా వచ్చినట్టుంది.

ఆ పుస్తకం వాళ్ళకు శనక్కాయ పొట్టు తెలియదు. సందుల్లోంచి దుమ్ము లోపలికి పోయింది, బయటికి రాలేదు. పొట్టు ఉండలు కట్టింది, బెల్టు జారింది, వేడెక్కింది. మధ్యాహ్నానికి తోలు కాలిన వాసన. మేస్త్రి పెట్టె విప్పితే తట్టల కొద్దీ పొట్టు జలజలా రాలింది.

"ఏం పుస్తకమప్పా, గంగమ్మకు గాలి ఆడకుండా చేసినావే! పొట్టు యాడికి పోవల్లనో దాంట్లో రాసి లేదా?"

ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక గతిలేదు. మూత పెట్టె పనికిరాదని, లోపల ఏం జరుగుతోందో బయటికి కనబడాలని ఆ పొద్దు తెలిసింది. ఈసారి మేస్త్రీ నేనూ కలిసి కోణపు కడ్డీలతో చట్రం చేసి, కోళ్ళగూటి జాలీకన్నా దళసరి జాలీ బిగించాం. పొట్టు కింద రాలిపోయేది. చక్రం కనిపించేది. చేయి దూరేది కాదు. నాకు నేనే భుజం తట్టుకున్నాను.

శుక్రవారం వచ్చింది. బోల్టులు నేల మీద, జాలీ గోడకు ఆనించి, చక్రం మీద పచ్చటి గీత.

మళ్ళీ బిగించాను. తరువాతి శుక్రవారం మళ్ళీ విప్పారు. అయితే ఈసారి నేను చూసుకోలేదు, శనివారం కూడా జాలీ అలాగే గోడకు ఆని ఉండిపోయింది. ఆ శనివారమే ఇన్‌స్పెక్టరు వచ్చి ఉంటే? నాకు ఒళ్ళు మండింది. పెద్దక్క దగ్గరికి పోయాను.

"అక్కా, ఆయన వచ్చేనాటికి జాలీ లేకుంటే మీ అందరి పనీ పోతాది. తెలిసే చేస్తాండావా?"

"తెలుసు."

"మరి?"

"పసుపు పెట్టకుండా ఆమె ముందర నిలబడి ఎట్ల పని చేసేది? ఒకసారి చీరతో వదిలిపెట్టింది. మళ్ళీ అలిగితే? నువ్వు ఆమెను జైల్లో పెట్టినావు తమ్ముడా."

"జైలేంది? తిరుమలకు పోతావే, ఆడ స్వామిని ముట్టుకుంటాండావా? దూరంగా గడప ఇవతలనే కదా దండం పెట్టేది. ఈ జాలీ కూడా అట్లాంటి గడపే అనుకో."

ఈ పోలిక తట్టినందుకు నాకు లోలోపల సంతోషం. గ్రంథాలయంలో చదివిన ఉపన్యాసాలన్నీ ఆ క్షణానికే పనికొచ్చాయనుకున్నాను.

పెద్దక్క చేట కింద పెట్టింది.

"ఆడ ముట్టేదానికి అయ్యవారుండాడు. నేను ఇవతలుంటే ఆయన అవతలుంటాడు. ఈడ అయ్యవారు ఎవురు? నేనే! నన్ను ఇవతల నిలబెట్టి గడప అంటే ఎట్ల?"

పక్కనున్న ఆడవాళ్ళు "అదీ!" అన్నారు. ఇంటికి పోయే దారిపొడవునా పెద్దక్క మాటే నా తలలో తిరిగింది. అయ్యవారు ఆమె. మరి అయ్యవారు లోపలికి ఎలా పోతాడు? గోడ పగలగొట్టి పోడు. తలుపు తీసుకుని పోతాడు. ఆ తలుపు తాళం ఆయన దగ్గరే ఉంటుంది. ఎవరుపడితే వాళ్ళు తీయకుండా కాపలా కాసేదీ ఆయనే. నేను కంచెకు తలుపు పెట్టలేదు. పైగా దాన్ని విప్పుతున్న మనిషి నుంచి దాన్ని కాపాడాలని చూస్తున్నాను. ఆ మనిషికే అప్పజెబితే?

తిరిగే చక్రానికి తలుపు తీస్తే మళ్ళీ ప్రమాదమే. తీసే ముందు చక్రం నిలవాలి. అక్కడ శుక్రవారం పట్టింపు అడ్డం. ఆ లావు పుస్తకం మళ్ళీ తెరిచాను. ఈసారి బొమ్మలు కాకుండా మాటలు చదివాను. పాతకాలపు మిషన్లకు రెండు చక్రాలు పక్కపక్కనే ఉండేవట. ఒకటి మిషనును తిప్పేది. రెండోది అదే ఇరుసు మీద ఊరికే తిరిగే లూజు పుల్లీ. బెల్టును ఒక కడ్డీతో దాని మీదికి జరిపితే ఇంజను తిరుగుతూనే ఉంటుంది, మిషను మాత్రం నిలుస్తుంది.

పొద్దున మేస్త్రికి చెబితే ఆయన తల గోక్కున్నాడు. "మన మిషనుకూ ఉండేది కదప్పా. ఇరుక్కుపోతాందని పీకి పారేసినాం. పాత ఇనుములో యాడో పడుంటాది."

తుప్పు కింద దొరికింది. గీకి, అరిగిన బుష్ గొట్టం మార్చి, తిరిగి ఎక్కించాం. జాలీకి మిషను చక్రం వైపు మాత్రమే తలుపు పెట్టాం, లూజు పుల్లీ వైపు జాలీ ఎప్పుడూ మూసే ఉంటుంది. బెల్టు జరిపే కడ్డీకి ఒక కొక్కెం వెల్డింగు చేయించాం. బెల్టు మిషను చక్రం మీద ఉన్నంతసేపూ ఆ కొక్కెం తలుపుకు అడ్డం పడుతుంది. లాగినా రాదు. బెల్టు లూజు పుల్లీ మీదికి జరిగితేనే తలుపు తెరుచుకుంటుంది. తలుపుకు ఒక తాళం కూడా వేసి, తాళంచెవి పెద్దక్క చేతిలో పెట్టాను.

"ఇది నీదక్కా. నువ్వు తప్ప ఎవురూ తీయకూడదు. నేను కూడా."

ఆమె తాళంచెవిని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. తరువాత పసుపుతాడు పక్కనే కట్టుకుంది.

ఇక మిగిలింది యజమాని. "మిషను నిలుస్తాది కదా? శుక్రవారం పూట!" అని ఆయన మొహం ముడుచుకున్నాడు. నేను లూజు పుల్లీ సిద్ధాంతం మొదలుపెట్టబోయాను. పెద్దక్క నన్ను గమ్మునుండమంది.

"లచ్చిమి ఇంజను కాడ ఉండాది సావుకారా. ఆ చక్రం నిలవదు, తిరగతానే ఉంటాది. ఈడుండేది గంగమ్మ. పసుపు పెట్టేటప్పుడు ఆమె నిలబడల్ల. నిలబడకుంటే బొట్టెట్ల పెట్టేది?"

యజమాని "అట్లయితే సరే" అన్నాడు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ యంత్రశాస్త్రాన్ని ఇద్దరు దేవతలకు ఇంత చక్కగా పంచినవాడు లేడు.

తాళం చేతికి వచ్చాక ఆమె ఇంకొకటి కూడా కలిపింది. అది నాది కాదు, పుస్తకానిది కాదు. బెల్టు మళ్ళీ మిషను మీదికి జరిపే ముందు కడ్డీ పట్టుకుని "గోవిందా!" అని కేక వేసేది. మిల్లులో ఉన్న ప్రతి మనిషీ తిరిగి "గోవిందా!" అనాలి. ఒక్క గొంతు తగ్గినా కడ్డీ కదలదు. ఎవరైనా తొట్టి వెనక వంగి ఉన్నారేమో, ఎవరి కొంగు ఎక్కడుందో అని. వాళ్ళలో ఒక క్రైస్తవ చెల్లెలు ఉండేది. ఆమె "స్తోత్రం!" అని అరిచేది. పెద్దక్కకు గొంతు వినబడితే చాలు.

ఇన్‌స్పెక్టరు వచ్చింది సరిగ్గా ఒక శుక్రవారం, పూజ వేళకు. గొడుగు మడుస్తూ ఆయన గుమ్మంలో కనబడగానే యజమాని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. లోపల జాలీ తలుపు బార్లా తెరిచి ఉంది. పెద్దక్క చేయి చక్రం మీద ఉంది. దూరం నుంచి చూసేవాడికి కంచె తెరిచి ఆడమనిషి చక్రాన్ని ముట్టుకుంటున్నట్టే ఉంటుంది. అయిపోయింది, ఇదే వాళ్ళ కడాపొద్దు అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు దగ్గరికి వచ్చాడు. చక్రం నిశ్చలంగా ఉంది. పక్కన జాలీ వెనక లూజు పుల్లీ గిర్రున తిరుగుతోంది. షెడ్డులో ఇంజను కొట్టుకుంటూనే ఉంది. ఆయన కండువా తీసి సంచిలో పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పెద్దక్క కూడా తొందరపడలేదు. చక్రానికి బొట్లు పెట్టింది, తలుపు మూసింది, తాళం వేసింది, కడ్డీ పట్టుకుంది.

"గోవిందా!"

"గోవిందా!" "గోవిందా!" "స్తోత్రం!"

కడ్డీ కదలలేదు. పెద్దక్క ఇన్‌స్పెక్టరు వైపే చూస్తోంది.

"సార్, మీరు అనలేదు."

యజమాని "ఏమ్మే, ఆయన..." అని అడ్డం రాబోయాడు.

"ఎవురైనా అనల్ల సావుకారా. లోపలున్న మనిషి లోపలున్నట్టే కదా లెక్క."

ఇన్‌స్పెక్టరు మొహంలో మొదటిసారి నవ్వు చూశాను. ఆయన గొంతు సవరించుకుని, బడిలో హాజరు పలికినట్టు "గోవిందా" అన్నాడు. బెల్టు జరిగింది. మిషను కదిలింది.

అప్పుడాయన "ఏదీ, ఇప్పుడు ఆ తలుపు తీయమ్మా" అన్నాడు.

"తీయను సార్."

"నేను చెబుతున్నా కదా."

"మీరు చెప్పినా తీయను, కలెక్టరు చెప్పినా తీయను. తిరగతాంటే తీయకూడదు."

"తాళంచెవి ఇటివ్వు. నేనే తీస్తాను."

ఆమె నావైపు చూసింది. నేను తలూపాను. ఆమె విప్పి ఇచ్చిన తాళంచెవితో తాళం తీసి ఆయన తలుపు లాగాడు. కొక్కెం అడ్డం పడి ఉంది, రాలేదు. రెండు చేతులతో లాగాడు. రాలేదు. "ఇది ఎవరి పని?" అన్నాడు. మేస్త్రి నన్ను ముందుకు నెట్టాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే గ్రంథాలయం అన్నాను. ఆయన నా భుజం మీద చేయి వేశాడు. ఆ చేతి బరువు నాకు ఇప్పటికీ తెలుసు.

పోయేముందు మిషను కాలికి కట్టిన పేలికలు చూపించి, "ఇవి మాత్రం తీసేయాలమ్మా. బెల్టు లాగుతుంది" అన్నాడు.

"చీర అడిగింది సార్, ఇయ్యకుంటే ఎట్ల?"

"అడిగింది ఎందుకో? మీ కొంగులు వేలాడుతుంటే ఆమెకు నచ్చలేదేమో. కొంగు దోపి, పైన ఒక చొక్కా వేసుకుని చూడండి. చేలల్లో పనికి వేసుకుంటారే, ఆ మాదిరి."

పెద్దక్క తన కొంగు చూసుకుని నడుముకు దోపుకుంది. యజమాని, కేసు తప్పిన సంతోషంలో, ఆయుధపూజకు అందరికీ చొక్కాలు కుట్టిస్తానని అక్కడికక్కడే మాటిచ్చాడు. అరవ పక్కనుంచి మనుషులను తెచ్చే ఆసామి మరుసటి వారం వస్తే, "మా ఆడోళ్ళు ఉండారు లేప్పా" అని పంపేశాడు. ఆ మాట ఎప్పటినుంచో తనదే అయినట్టు అన్నాడు. ఖాకీ చొక్కాలు వచ్చిన పొద్దు పెద్దక్క పేలికలు తనే విప్పేసింది. ఆ పొద్దు వాళ్ళంతా ఒకరినొకరు సెల్యూట్లు కొట్టుకుని నవ్విన నవ్వు ఇంజను మోతను మించింది. పెద్దక్క ఆ మిల్లులోనే పనిచేసి, తన ఓపిక చాలినప్పుడు తనే మానేసింది. తాళంచెవిని తన తరువాతి ఆమె చేతిలో పెట్టి మరీ పోయింది.

చట్టాలు చదవండి అని కొత్తగా పనిలో చేరే పిల్లలకు చెబుతుంటాను. మంచి చట్టం చదవడానికి హాయిగానే ఉంటుంది. కానీ దాన్ని గోడకు బోల్టులతో బిగించి వచ్చేస్తే అది శుక్రవారం దాకానే నిలుస్తుంది. ఎవరో ఒకరు దాన్ని తమదనుకుని, పసుపుతాడు పక్కన కట్టుకోవాలి.

ఉద్యోగం మానేసిన చాలా ఏళ్ళకు సత్యవేడు దగ్గర ఒక మిల్లులో మిషను మొరాయిస్తోందని, చూసి పొమ్మని పిలిచారు. కరెంటు మోటార్లు వచ్చేశాయి. స్విచ్చు నొక్కితే తిరుగుతాయి. బాగుచేసి పక్కకు తప్పుకున్నాను. ఒక అమ్మాయి, చీర మీద మగవాళ్ళ చొక్కా వేసుకుని, స్విచ్చు దగ్గరికి వచ్చింది. వేలు దాని మీద పెట్టి గట్టిగా "గోవిందా!" అంది. మూలమూలల నుంచి గొంతులు పలికాయి.

నేను కొయ్యబారి నిలబడ్డాను. ఎక్కడి నుంచి వచ్చిందమ్మా ఇది అని అడుగుదామనుకున్నాను. మా మిల్లు నుంచి ఏ కోడలు తెచ్చిందో, ఏ కూలీ మేస్త్రి మోసుకొచ్చాడో.

అమ్మాయి స్విచ్చు నొక్కలేదు. నా వైపే చూస్తోంది.

"తాతా, నువ్వు అనలేదే?"

"గోవిందా" అన్నాను.

"ఇంకొంచెం గెట్టిగా అను తాతా, వినబళ్ళేదు."

మళ్ళీ అన్నాను. మిషను కదిలింది.